లచ్చన్న రికార్డు మీద నాన్నగారి అభియోగం

కిరండూల్,
ఆదివారం, వాన కాస్త తెరిపిచ్చిన వేళ

పూజ్యులైన నాన్నగారికి, ప్రియమైన అమ్మకు, అన్నయ్యకు ఎస్తేరు వినయంతో, ప్రేమతో రాసేది.

నాన్నగారూ, మీ ఉత్తరంలో మీరు నామీద మోపిన అభియోగం ఒకటే. దాన్ని మీ మాటల్లోనే ముందుగా ఇక్కడ రాసి, ఆ తరువాతే జవాబు చెబుతాను. "ప్రార్థన కూడిక మాని, ఆదివారం మధ్యాహ్నాలు పరాయి మగవాళ్ల నడుమ కూర్చుని, సైతాను చేసే గోలను సంగీతమని వింటున్నావు. అందులో అర్థం లేదు, రాగం లేదు, భయభక్తులు అసలే లేవు." శిక్షను కూడా మీరే రాశారు. నెలాఖరులోగా రాజీనామా ఇచ్చి కొత్తవలస వచ్చెయ్యాలి, రాకపోతే అన్నయ్య వచ్చి తీసుకుపోతాడు. విచారణకు ముందే శిక్ష వెలువడినందుకు నేను నొచ్చుకోలేదు. మీరు కోపంలో ఉన్నప్పుడు మీ వాక్యాలు చక్కగా ఉంటాయని మాత్రం గమనించాను. అన్నయ్య ఈ ఉత్తరాన్ని భోజనాల బల్ల దగ్గర అందరికీ వినబడేలా చదవాలి. మధ్యలో ఆగి నవ్వకూడదు.

వాదానికి ముందు మర్యాద. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? ఈ వానల్లో చర్చికి నడిచే వెళుతోందా, అన్నయ్య సైకిలు మీద దించుతున్నాడా? హార్మోనియం తిత్తికి పడిన చిరుగు అతికించారా? అన్నయ్య డిపార్టుమెంటు పరీక్షకు చదువుతున్నాడా, చదువుతున్నట్టు కనిపిస్తున్నాడా? నాన్నగారూ, ఘాట్ సెక్షనులో చలిగాలికి మీకు పట్టిన దగ్గు తగ్గిందా? బ్రేకు వ్యానులో ఉన్ని టోపీ పెట్టుకోకుండా కూర్చుంటారని నాకు తెలుసు. పెట్టుకోండి. నా సంగతి చెప్పాలంటే, ప్రభువు దయవల్ల వచ్చింది మొదలు ఒక్క జ్వరమైనా రాలేదు. వేళకు తింటున్నాను. అమ్మ కోసం ఇంకోసారి రాస్తున్నాను, వేళకే తింటున్నాను.

పని కుదురుకుంది. కొండమీద తవ్విన ఖనిజం వ్యాగన్లలోకి ఎక్కేముందు దాని నమూనాలు మా ప్రయోగశాలకు వస్తాయి. వాటిని పొడిచేసి, ఆమ్లంలో కరిగించి, ఇనుము పాలెంతో చెప్పడం నా బాధ్యత. మీరు పచ్చజెండా ఊపి సముద్రం దాకా దించే ఎర్రరాయికి ముందుగా మార్కులు వేసేది మీ కూతురేనని గుర్తుంచుకోండి. వాన మొదలైతే రోజుల తరబడి విడవదు. బట్టలు ఆరవు, అగ్గిపెట్టె వెలగదు. తిండికి లోటు లేదు. తొలి వానలకు సాల చెట్ల అడవిలో నేల తవ్వి తీసే బోడా అనే గుండ్రని పుట్టగొడుగులు సంతలో రాసులు పోస్తారు. దమయంతక్క వండితే మాంసం కూర ఎందుకనిపించింది. దమయంతక్క అంటే నాతో ఒకే గదిలో ఉండే నర్సు, పలాస మనిషి. నేనెక్కడికి వెళ్లినా తనూ వస్తుంది. ఈ వాక్యాన్ని అన్నయ్య రెండుసార్లు చదవాలి.

అయితే వచ్చిన కొత్తలో నేను ఒంటరిగా ఉన్న మాట నిజం. అప్పుడు మీకు రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. ఆఫీసులో హిందీ, సంతలో హల్బీ, ప్రార్థనలో సగం తెలుగు, సగం హిందీ. ఈ భాషలన్నిటిలోనూ నాకు "సరే", "ఎంత", "రేపు" వచ్చేశాయి. "కాదు, ఎందుకంటే" అనే మాటను మాత్రం ఏ భాషలోనూ వాడే అవసరం రాలేదు. విశ్వవిద్యాలయంలో ప్రతి సాయంత్రమూ ఎవరితోనో ఒకరితో తలపడిన దాన్ని. ఇక్కడ నేనేం మాట్లాడినా "అచ్ఛా, మేడమ్" అని తలూపారు. నాతో విభేదించే మనిషి లేకపోవడం కన్నా పెద్ద ఒంటరితనం నాకు తెలియదు.

అటువంటి రోజుల్లో స్టేషను బయట పైడిరాజు బాబాయి కనబడ్డాడు. మీరెరిగిన పైడిరాజే. ఒకే బండికి ముందు ఇంజనులో ఆయన, వెనక వ్యానులో మీరు ఎన్నో ఏళ్లు నడిచారు. నా ముఖంలో మీ ముక్కు చూసి పోల్చుకున్నాడు.

"ఏటమ్మా, గార్డు గారి పిల్లవు కాదేటి? మీ నాన్న జెండా ఊపితేగానీ నేను బండి కదిపీవోడిని కాదు. ఆదివారం మా ఇంటికి రా. మీ పిన్ని సేపల పులుసు ఎడతాది. పాటలు కూడా ఉంటాయి."

పాటలంటే సినిమా పాటలనుకుని దమయంతక్కా నేనూ వెళ్లాం. సింహాచలం పిన్ని పులుసు పెట్టింది. తరువాత చూస్తే ముందుగదిలో గోడ పొడవునా అరలు. అరల్లో ఎల్పీ రికార్డులు. ఒక్కదానికీ పేరు కనబడదు, ప్రతి అట్టకీ పాత వార్తాపత్రిక చుట్టి ఉంది. మీరు "పరాయి మగవాళ్లు" అన్నవారు ఒకరొకరుగా వచ్చారు. కోంటా వైపు నుంచి వచ్చి గనిలో రాయి తోడే షవెల్ యంత్రం నడిపే లచ్చన్న. రిటైర్మెంటుకు దగ్గరపడిన వర్క్‌షాపు ఫోర్‌మన్ తివారీజీ, ఆయన భార్య. పక్క గనుల ఊరు బచేలీ నుంచి బస్సులో వచ్చే ఇద్దరు అన్నదమ్ములు. ఇదీ ఆ సైతాను సభ.

నాన్నగారూ, ఆ మొదటి మధ్యాహ్నం గురించి నిదానంగా రాయాలని కూర్చున్నాను కానీ కలం ఆగడం లేదు. బాబాయి ముల్లు దించాడు. కాస్త గరగర. ఆ తరువాత ఒక్క గిటారు, ఎవరో తలుపు తట్టి లోపలికి రావాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు. దాని వెనక బేస్ గిటారు వచ్చింది. అది చెవికి వినబడలేదు, కూర్చున్న చాపలోంచి ఒంట్లోకి ఎక్కింది. డ్రమ్ములు ఒక్కసారిగా అందుకున్నాయి. నేను ఊపిరి వదలడం మరిచిపోయాను. నాకు తెలిసిన పాట పల్లవితో మొదలై చరణాలతో ముగిసి మర్యాదగా సెలవు తీసుకునేది. ఇక్కడ ఒక వైపు మొత్తం ఒకే పాట. గిటారు ఒక ప్రతిపాదన చేసింది. ఆర్గన్ దాన్ని ఆక్షేపించింది. గిటారు ఒప్పుకోలేదు, అదే మాటను గొంతు పెంచి అంది. డ్రమ్ములు ఇద్దరినీ కసిరాయి. చివరకు ముగ్గురూ కలిసి, మొదట ఎవరూ అనని నాలుగో మాట దగ్గరకు చేరారు. నేను కొన్ని నెలలుగా ఆకలితో ఉన్నది దీనికే! ఒక ప్లాస్టిక్ పళ్లెంలోంచి వాదం వినబడుతోంది, అదీ చక్కగా కట్టిన వాదం.

అప్పటి నుంచి ఎన్ని విన్నానో! పెళ్లి శుభలేఖలా రెండుగా తెరుచుకునే అట్టలు ఉన్నాయి. మనం దించిన ఖనిజాన్ని మోసుకుపోయే ఓడల్లోని నావికులు విశాఖ రేవులో అమ్ముకున్నవి ఉన్నాయి. వాటి అట్ట అంచున జపాను అక్షరాల కాగితపు పట్టీ ఇంకా చెక్కుచెదరలేదు. ఇనుము కిందికి పోతుంది, గిటార్లు పైకి వస్తాయి, ఆ బండికి మీరే గార్డు. ఆల్బమ్ అంటే కొన్ని పాటల మూట అనుకునేదాన్ని. కాదు. ఏది ముందు, ఏది వెనక, ఏ పాట దగ్గర రికార్డు తిరగేసే విరామం రావాలి, ఇదంతా ఆలోచించి పేర్చినది. మంచి ఉపన్యాసకుడు తన బలమైన మాటను ఎక్కడ దాచుకుంటాడో వీళ్లూ అక్కడే దాచుకుంటారు.

పేర్లు రాయలేదని అన్నయ్య విసుక్కుంటాడు. రాయకూడదు, అదే ఇక్కడి నియమం. రికార్డు తెచ్చినవారు తప్ప మరెవరికీ పేరు తెలియకూడదు. మధ్యనున్న లేబులు మీద కూడా గుండ్రని కాగితం వేస్తారు. పేరు తెలిస్తే చెవికన్నా ముందు గొప్పవాళ్లన్న భయమో, ఎవరో చెప్పిన చెడ్డమాటో వింటుందని బాబాయి సిద్ధాంతం. వింటున్నంతసేపు ఎవరూ నోరు తెరవరు. రెండు వైపులూ అయ్యాక పిన్ని కాఫీ పొడి డబ్బాలోంచి చీటీలు తీస్తారు. ఒకరికి అనుకూల పక్షం, ఒకరికి ప్రతికూల పక్షం, మిగిలినవారు తీర్పరులు. మనసుకు నచ్చిందా లేదా అన్న ప్రసక్తి లేదు, చీటీలో వచ్చిన పక్షం వాదించాల్సిందే. గెలిచినవారు ఆ వారమంతా ఆ రికార్డును తమ దగ్గర ఉంచుకుంటారు. ఆ తరువాతే పేరు విప్పుతారు. ఎక్కడో అడవి నడుమ గనుల ఊళ్లో ఇటువంటి సభ దొరుకుతుందని విశ్వవిద్యాలయంలో ఎవరైనా అంటే నేనే నవ్వి ఉండేదాన్ని.

ఈ ఊరి ఎర్రదుమ్ము రికార్డు గాడుల్లో దూరి ముల్లును తినేస్తుంది. అందుకే వానలు పడి దుమ్ము అణిగిన ఈ నెలలే వీళ్లకు పండగ. అప్పుడు కూడా ప్రతి రికార్డునూ వినేముందు కడుగుతారు. లేబులు తడవకుండా రెండు పక్కలా గిన్నె మూతలు అదిమిపెట్టి, పలచటి కుంకుడు రసంతో గాడి వెంట మెల్లగా తుడిచి, మంచినీళ్లు పోసి, పిన్ని పళ్లేల స్టాండులో వరసగా ఆరబెడతారు. "నా కంచాలు నేల మీదన, ఈయన నల్ల కంచాలు టాండులోన. రేపు కూడు కూడా ఈటిలోనే ఎట్టీస్తాను" అని పిన్ని ప్రతి ఆదివారమూ గొణుగుతుంది. తుడిచే గుడ్డను మాత్రం ఇంకెవరి చేతికీ ఇవ్వదు. అమ్మా, నీ పాత నేతచీర, బాగా నలిగి మెత్తబడినది, ఒకటి పంపించు. ఇక్కడి గుడ్డలు గీతలు పెడుతున్నాయి. ఎండు నెత్తళ్లు కూడా పంపితే కాదనను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. మీ ఉత్తరం నాకు పోయిన వారం శనివారం చేరింది. చదివి కోపం వచ్చింది, దాచను. మరునాడు లచ్చన్న వంతు. ఆయన ఎర్రగుడ్డ చుట్టిన తన రికార్డు తెచ్చాడు. దాని సంగతి అందరికీ తెలుసు. ఒకప్పుడు విశాఖ రేవులో కొని, జగదల్‌పూర్‌లో దిగి, సెలవుకు ఇంటికి వెళుతూ బస్సులో ఒడిలో పెట్టుకున్నాడట. తోంగ్‌పాల్‌లో ఎక్కిన ముసలమ్మలు ఎర్రగుడ్డ చూసి దేవుడి పటమనుకుని దండం పెట్టి, తోసుకోకుండా జాగా ఇచ్చారట. లచ్చన్న కాదనలేదట. లేచి ఇవ్వాల్సిన సీటు దక్కిందని ఇప్పటికీ మురుస్తాడు. ఆ రికార్డు బయటకు తీయడం మాత్రం అరుదు. నేను వినడం అదే మొదలు.

విన్నాం. చీటీలు తీశాం. అనుకూల పక్షం తివారీజీకి వచ్చింది. ఆయనకు మెత్తని పాటలు తప్ప మరేవీ గిట్టవు. ప్రతికూల పక్షం నాకు.

నాన్నగారూ, చెబితే నమ్మండి, నా దగ్గర అంతకన్నా మంచి వాదన లేక, మీ ఉత్తరం తీశాను. మీ వాక్యాలను ఒక్కొక్కటిగా పైకెత్తి పట్టుకున్నాను. అర్థం లేదన్నాను. అరుపులో ఉన్నది కోపమే తప్ప ఆలోచన కాదన్నాను. రాగం లేదు, ఉన్నా దాన్ని కరెంటు మింగేసిందన్నాను. భయభక్తులు లేని శబ్దం మనిషిని ఎక్కడికి తీసుకుపోతుందని అడిగాను. రెండో వైపు మధ్యలో డ్రమ్ములు ఆగిపోయి ఆర్గన్ ఒక్కటే ఒకే స్వరాన్ని చాలాసేపు పట్టుకుని ఉంటుంది. అది చర్చి నుంచి ఎత్తుకొచ్చిన భక్తి వేషమని కొట్టిపారేశాను. మీ అభియోగాన్ని మీకన్నా గట్టిగా నేను వాదించాను. తివారీజీ లేచి, "బిటియా, నీ మాటలు విన్నాక నాకూ అదే అనిపిస్తోంది" అని కూర్చున్నారు. అందరూ నవ్వారు, లచ్చన్న తప్ప. తీర్పు నాకే వచ్చింది, అంటే మీకే వచ్చింది. ఆ గదిలో, ఆ సంగీతాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్లు మీ పక్షాన చేతులెత్తారు. దాన్ని మీరు గౌరవించాలి.

నియమం ప్రకారం, తిట్టిన దాన్ని నేనే ఆ వారమంతా ఉంచుకోవాలి. నాకు ప్లేయరు లేదు. డ్యూటీ అయ్యాక పిన్ని ఇంటికే వెళ్లి, ఆమె కూరలు తరుగుతుంటే వింటూ కూర్చున్నాను. సోమవారం వినేటప్పుడు నా వాదనకు ఆధారాలు వెతికాను. మంగళవారానికి అవి జారిపోవడం మొదలైంది. ఏ వాదన ఎక్కడ బోలుగా ఉందో దానితో గెలిచినవాళ్లకే బాగా తెలుస్తుంది నాన్నగారూ. అర్థం లేదన్న పాటలో, యుద్ధానికి పంపిన తన కొడుకు ఏ ఊళ్లో ఉన్నాడో చెప్పమని ఒక మనిషి అధికారిని అడుగుతున్నాడు. జవాబు రాదు. అందుకే అరుస్తాడు. రాగం లేదన్న చోట, మొదటి వైపు ఆరంభంలో గిటారు వాయించిన వరసే, రెండో వైపు చివర చాలా నెమ్మదిగా ఆర్గన్ మీద తిరిగి వస్తుంది. ఇక ఆ ఒంటరి స్వరం. అమ్మా, ఇది నీకు చెబుతున్నాను. నువ్వు ఆరాధన ముగిశాక, జనం లేచి వెళుతున్నా, తిత్తిలో గాలి అయిపోయేదాకా ఒకే మెట్టు మీద వేలు ఉంచుతావే, అది. కరెక్టుగా అదే. పిన్ని కత్తిపీట దగ్గర నుంచి లేచి వచ్చి, "ఇది ఎవులో పెద్ద దుక్కంలో ఉండి వాయించినాడమ్మా" అంది. ఆమెకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు.

బుధవారం నేనొక నిర్ణయానికి వచ్చాను. నిన్న రికార్డు తీసుకెళ్లి లచ్చన్నను అడిగాను, ఆ రికార్డును ఇంకొన్నాళ్లు ఇవ్వమని, అదీ కిరండూల్ దాటించి మా ఇంటికి పంపుతానని. సభ రికార్డు ఇంతవరకు కొండ దిగలేదు.

"ఏంది చెల్లె, మొన్ననేమో దాన్ని తిట్టి కుప్పబోస్తివి. ఇయ్యాల మీ నాయిన కాడికి పంపుతనంటవు. ఆయినకు కోపమొచ్చి ఇరగ్గొడితెనో?"

"విరగ్గొట్టరు లచ్చన్నా. మా నాన్న గార్డు. తన చేతికి అప్పజెప్పిన సామానును ఇంతవరకు చెడగొట్టలేదు."

"మరి ఇనకుంటనే తిప్పి పంపితెనో?"

అలా అంటూనే ఆయనే ఎర్రగుడ్డ సరిచేసి నా చేతిలో పెట్టాడు. "రెండు దిక్కులు ఇనమని చెప్పు. ఒక దిక్కు ఇని చెప్పుడు కాదు. ఇన్నంక తిట్టినా మంచిదే, నేనేమనుకోను."

మీ అభియోగానికి నా సమాధానం ఇది. ఆదివారం ఉదయం ఆరాధన ఒక్కటి కూడా తప్పలేదు. మధ్యాహ్నం ఇక్కడ కూడికే లేదు, ఇక్కడి పాస్టరు ఆ పూట బచేలీలో ఆరాధన జరుపుతారు. మీకు కబురు మోసినవారు లేని కూడికను నేను మానేశానన్నారు. పరాయి మగవాళ్ల లెక్కలో సింహాచలం పిన్నిని, దమయంతక్కను, తివారీజీ భార్యను వదిలేశారు. పైడిరాజు బాబాయిని మీరే చెప్పండి, పరాయివాడేనా? ఇక మిగిలింది సైతాను. దాని మీద మీ వాదన పూర్తిగా, నిజాయితీగా, మీ కూతురి నోటి మీదుగా, మీకు ఎదురుపక్షమైన సభలో వినబడింది. గెలిచింది కూడా. బండికి రెండు పక్కలా తొంగిచూడకుండా మీరు ఏ స్టేషనులోనూ పచ్చజెండా చూపలేదు. ఎర్రజెండాకు మాత్రం ఒక పక్క చాలా?

బాబాయి ఈ వారం సెలవు మీద ఊరికి వస్తున్నాడు. రికార్డును మన ఇంట్లో ఇస్తాడు. క్రిస్మస్ పాటల కోసం కొన్న ప్లేయరు మన ఊరి పాస్టరు అయ్యగారింట్లో ఉంది కదా, అడిగి తెప్పించండి. అయ్యగారికి నా వందనాలు చెప్పి, ఆయన్నూ తీర్పరిగా కూర్చోమనండి. నాకు ఆయన తీర్పు మీద నమ్మకం ఉంది. తుడవడానికి అమ్మ చీర కొంగు తప్ప మరేదీ వాడవద్దు. అత్తయ్యకూ, మామయ్యకూ నా నమస్కారాలు. అమ్మ ప్రార్థనలో నన్ను రోజూ తలుచుకోవాలి. మీ ఆశీర్వాదం నాకు ఉద్యోగం కన్నా ముఖ్యం. ఆ మాటను వాదంలో గెలవడానికి రాయలేదు.

నెలాఖరులో నన్ను తీసుకుపోవడానికి అన్నయ్య రానక్కరలేదు. మీరు రమ్మంటే తరువాతి బండికే నేను వస్తాను, ఎదురు చెప్పను. కానీ ఒక షరతు. ఇంటిల్లిపాదీ కూర్చుని, మధ్యలో ఎవరూ మాట్లాడకుండా, ఆ రికార్డు రెండు వైపులూ వినాలి. మీ పక్షాన నేను మాట్లాడినట్టే, వినడం అయ్యాక నాన్నగారూ, మీరు లేచి నిలబడి దానికి అనుకూలంగా మాట్లాడాలి. నేను మీ వాదనను ఎంత నిజాయితీగా చెప్పానో అంత నిజాయితీగా. అమ్మా, అన్నయ్యా, అయ్యగారూ తీర్పు చెప్పండి. చెప్పి, ఆ తీర్పు నాకు రాయండి.

మీ మాట కోసం చూస్తూ,
మీ కుమార్తె
ఎస్తేరు